పిప్పరమెంటు అలక

పద్మనాభయ్య పొద్దుటి నుంచీ విస్తరి ముట్టలేదు.

పెరట్లో ఆకు వేశారు. ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. వడలు చల్లారిపోయాయి. పరమాన్నం మీద మీగడ కట్టింది. ఆయన ముట్టందే ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టడానికి లేదు. చుట్టాలు అరుగు మీద కూర్చుని విసనకర్రలు ఊపుకుంటున్నారు. ముసలి తల్లి వెంకటశేషమ్మ మంచినీళ్లు కూడా వద్దంది. వైశాఖపు ఎండకి కోట ఊరు ఊరంతా పెనం మీద ఉన్నట్టుంది.

అలకలో పద్మనాభయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. కూరలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే రెండు పూటలు పస్తుండే మనిషి. పెళ్లినాటి నుంచీ ఆయన అలకలు తీర్చడమే ఇందిరమ్మకు సంసారమైంది.

తమ్ముడు మస్తానయ్య విస్తరి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అన్నా, కాలవ గట్టుకాడి చేను నాకొద్దు. వొదినకే వదిలేస్తుండా. అందరి ముందరా చెప్తుండా. ముట్టన్నా!"

విస్తరి అలాగే ఉంది.

"నీ మొగుడికేం కావాల్నో నీకు తెలీకపోతే ఇంకెవురికి తెలస్తాది మే?" అంది అత్త, కోడలి చెయ్యి పట్టుకుని. "పొద్దుగూకిందంటే అయిపాయ. వాడు కోపంతోనే పోతాడు."

 ఏం కావాలో ఇందిరమ్మకు తెలుసు.

కుర్రతనంలో తండ్రి మీద అలిగి మద్రాసు పారిపోయినప్పుడు, పద్మనాభయ్య ఒక దొర బంగళాలో వంట నేర్చాడు. దొరలు వెళ్లిపోయాక ఇంటికొచ్చి మడక పట్టి సేద్యంలో దిగాడు కానీ, ట్రంకుపెట్టెలో కోకో డబ్బా, పిప్పరమెంటు తైలం బుడ్డి ఎప్పుడూ నిండుకోనివ్వలేదు. ఏటా ధనుర్మాసం చలిలో తెల్లవారకముందే లేచి, వంటింటి తలుపు వేసుకుని, తనే పిప్పరమెంటు బిళ్లలు చేసి చాక్లెట్‌లో ముంచేవాడు. కొరికితే పైన కమ్మటి చేదు, లోపల చల్లటి తీపి. ఊళ్లో పిల్లలంతా ఆ వారం వాళ్ల గుమ్మంలోనే ఉండేవాళ్లు.

ఈ వైశాఖంలోనే ఒక రోజు, ఎందుకో ఆమెనే అడిగాడు. "నోరు చేదుగా ఉండాదే. ఒక్క బిళ్ల చేసిపెట్టు."

"ఈ ఎండల్లో అది గడ్డకట్టి చస్తుందా? చలికాలం రానీ" అని కసిరింది.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఆమెతో మాట్లాడలేదు.

ఇందిరమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. తోడికోడలు రాఘవమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అక్కా, ఇయ్యాల నువ్వు పొయ్యికాడికి పోగూడదు."

"జరుగు మే!"

చక్కెర రోట్లో వేసి మెత్తగా దంచింది. పలచటి గుడ్డలో జల్లించింది. మీగడ కలిపి, తైలం చుక్కలు వేసి, ముద్ద చేసి బిళ్లలు తట్టింది. కోకో పొడి, వెన్న, చక్కెర గిన్నెలో వేసి ఆ గిన్నెను కాగే నీళ్ల మీద పెట్టింది. ఏనాడూ ఆయన ఆమెను దగ్గరికి రానివ్వలేదు. తలుపు సందులోంచి చూసిందే ఆమెకు చదువు.

మొదటి బిళ్ల వేడి చాక్లెట్‌లో పడగానే కరిగి జావైపోయింది. చల్లారనిచ్చి ఇంకోటి ముంచింది. పైపూత గడ్డకట్టకుండా జారి పళ్లెంలోకి దిగింది. మరొకటీ అంతే.  కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఐసు కావాల" అంది.

కోటలో అప్పటికి ఫ్రిజ్ అన్న మాట విన్నవాళ్లే తక్కువ. మస్తానయ్య సైకిల్ ఎక్కాడు. రేవులో రొయ్యల షెడ్డు నుంచి గోనెపట్టాలో రంపపుపొట్టు కప్పి ఒక గడ్డ తెచ్చేసరికి దారిలోనే సగం కారిపోయింది.

రాఘవమ్మ ముక్కు మూసుకుంది. "నీచు ఐసు! ఇయ్యాల ఇంట్లోకి తెస్తారా ఎవురన్నా?"

"తెస్తాను. పాపం నాకే తగలనీ" అంది ఇందిరమ్మ.

ఐసు మీద ఇత్తడి పళ్లెం పెట్టింది. పళ్లెంలో తమలపాకు, ఆకు మీద బిళ్లలు. చూస్తూ కూర్చుంది. బయట నీడలు సాగుతున్నాయి. అరుగు మీద ఎవరో, "ఇంక లేద్దామబ్బా, ఆయన ముట్టడు" అంటున్నారు. 

అన్నింట్లోకీ ఒక్కటే నిలిచింది. ఒక పక్క సొట్ట, ఇంకో పక్క ఆమె బొటనవేలి ముద్ర. ఆకుతో సహా దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని పెరట్లోకి నడిచింది. చుట్టాలు లేచి దారిచ్చారు. వెంకటశేషమ్మ చిన్నకోడలి భుజం ఆసరాతో నిలబడింది.

ఇందిరమ్మ బిళ్లను విస్తరి అంచున పెట్టింది. ఎండకి అప్పుడే దాని పైపూతకు చెమట పట్టడం మొదలైంది.

"ఇంద, చేసినాను" అంది. "బాగా కుదర్లా. అయినా తిను. నా మీద కోపం పెట్టుకుని పోబాకయ్యా."

అందరూ వెనక్కి జరిగారు. 

కొబ్బరిమట్ట మీది నుంచి ఒక కాకి దిగి, పొద్దుటి నుంచీ అలాగే ఉన్న పిండాలను దాటి, ఆ బిళ్లను ముక్కున కరుచుకుని సముద్రం వైపు ఎగిరిపోయింది.