తలుపు సందులో కాగితం

ఫ్లూ వైరస్ మీద పరిశోధనకే ఆమె జీవితమంతా పోయింది. ల్యాబ్ తలుపు సందు దగ్గర, లోపలివైపు, సన్నని కాగితం ముక్క వేలాడదీయడం మొదటి ఉద్యోగం నాటి అలవాటు. గాలి బయటినుంచి లోపలికే రావాలి. కాగితం లోపలికి వంగి ఉన్నంతసేపు వైరస్ బయటికి పోదు, ఊరికి భయం లేదు.

ఆ రాత్రి ఆమె ల్యాబ్ లోపల ఒంటరిగా ఉండగా కాగితం లోపలికి వంగింది. తర్వాత వెనక్కి వెళ్లి సందుకు అతుక్కుంది. మళ్లీ లోపలికి వచ్చింది. ఎవరో నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టు, తొందర లేకుండా.

ఆమె ఊపిరి బిగబట్టింది. కాగితం ఆగలేదు.

ఇంటర్‌కమ్‌లో వాచ్‌మన్‌ని పిలిచింది. "గాలి లాగే ఫ్యాన్ ఆగిందా?"

"శుభ్రంగా తిరుగుతోంది మేడం."

"అయితే విను. ఎవరు చెప్పినా తలుపు తీయకు. నేను చెప్పినా సరే."

"బాగుంది వరస! ఒకసారి తీయమంటారు, ఒకసారి వద్దంటారు. మీ ఆటలకి నేనే దొరికానా?"

"తీయమని నేనెప్పుడన్నాను?"

"ఇందాకేగా! దగ్గలేక దగ్గుతూ అడిగారు. పాపమనిపించి తాళం అప్పుడే తీసేశాను."

ఆమెకు దగ్గు లేదు.

కాగితం మరోసారి సందుకు అతుక్కుంది. ఈసారి లోపలికి రాలేదు. ఇంటర్‌కమ్‌లో వాచ్‌మన్ ఏదో అనబోయి, దగ్గాడు.