ఆఖరి పేజీలో నంబరు

స్పెషల్ క్లాసు ముగించుకుని సంతోషి ఇల్లు చేరేసరికి మంచం మీద కాగితాలు పరిచి ఉన్నాయి. తండ్రి బాలరాజు చేతిలో పెన్ను ఉంది.

ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో బయటి మనిషి. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో నల్లబ్యాగు. సంతోషి గడప దగ్గరే ఆగిపోయింది.

"రా బిడ్డా. గీయన దామోదరన్న. మనకు ప్లాటు ఇప్పిస్తుండు," అన్నాడు బాలరాజు. ముఖం వెలిగిపోతోంది.

దామోదర్ తలెత్తి చూశాడు. వెంటనే కాగితాల్లోకి తల దించేశాడు. మోచేతికి అంటిన తెల్లటి మరకను గబగబా తుడుచుకున్నాడు. "జల్ది కానియ్యన్న. ఇంక రెండిండ్లు తిరగాలె."

నాచారంలో బాలరాజు ఇరవై రెండేళ్లు పనిచేసిన ఫ్యాక్టరీ మొన్న వేసవిలో మూతపడింది. లెక్క తేల్చి నాలుగు లక్షలు చేతిలో పెట్టి పంపించారు. ఉప్పల్‌లో ఈ రెండు గదుల కిరాయి, వచ్చే ఏడు సంతోషి ఇంటర్ ఫీజు, అన్నీ అందులోంచే రావాలి. అది పోతే ఆ ఇంట్లో ఇంకో రూపాయి లేదు, ఇచ్చే నాథుడూ లేడు.

దామోదర్ చెప్పింది ఇదీ: ఘట్‌కేసర్ అవతల కొత్త వెంచరు. నాలుగు లక్షలు కడితే నెలనెలా ఇరవై వేలు. రెండేళ్లకు ప్లాటు కూడా మనదే. కాకపోతే ఈ రేటు ఈ రోజు వరకే. ఏడు గంటలకు బుకింగ్ బంద్. పని పోయిన మనిషికి నెలకు ఇరవై వేలంటే చాలు, బుర్ర తీసి పక్కన పెట్టేస్తాడు.

ఆరున్నర దాటింది.

"ఈ రోజు వరకే." సరిగ్గా ఈ మాటే మధ్యాహ్నం క్లాసులో పైసల సార్ బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీశారు. పదో తరగతికి డబ్బు జాగ్రత్తలు చెప్పడానికి శనివారం శనివారం వచ్చే సార్‌కు పిల్లలు పెట్టుకున్న పేరది. నాలుగు నెలలుగా ఆయనకు జీతం రాలేదని పిల్లలందరికీ తెలుసు. అయినా పాపం ఒక్క శనివారం మానలేదు.

"తొందరపెట్టేటోడు మీ మంచి కోరేటోడు గాదు," అన్నారు. "మూడు ప్రశ్నలు అడుగున్రి. జవాబు రాకుంటే పెన్నుకు మూత పెట్టున్రి. మీ ఇంట్ల ఎవరన్న ఇసుంటి దాంట్ల ఇరుక్కుంటుంటే నాకు ఫోన్ చెయ్యున్రి. ఎప్పుడైనా సరే, ఎత్తుత."

నంబరు బోర్డు మీద రాశారు. సంతోషి దాన్ని నోటుబుక్కు ఆఖరి పేజీలో ఎక్కించుకుంది.

"నాయినా, జర ఆగు. మూడు మాటలు అడుగుత."

"ఏందే, పెద్దోళ్ల నడుమ నీకేం పని?"

"అడగనియ్యరాదు! సదువుకునే పిల్ల గదా," వంటగదిలోంచి అంది తల్లి రాణి.

సంతోషి బ్యాగు గుండెలకు హత్తుకుంది. "బ్యాంకు ఏడాదంత కలిపి ఇచ్చేదానికి దగ్గర దగ్గర మీరు ఒక్క నెలల్నే ఇస్తమంటున్నరు. గా పైసలు యాడికెళ్లి వస్తయి?"

"వ్యాపారంలకెళ్లి," అన్నాడు దామోదర్, నేలవైపు చూస్తూ.

"వెంచరుకు పర్మిషన్ కాగితం ఉన్నదా?"

"వస్తది. పని నడుస్తున్నది."

"రేపు కంపెనీ బోర్డు తిప్పేస్తే మా నాయిన పైసలు ఎవరిస్తరు?"

దామోదర్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. సగం చొక్కా మీదే ఒలికింది. "నమ్మకం లేకుంటే వద్దన్నా. ఇంకో పార్టీ రెడీగున్నది," అంటూ కాగితాలు ఎత్తబోయాడు.

ఆ దెబ్బకు బాలరాజు బెదిరిపోయాడు. కాగితాల మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టాడు.

"నోర్మూయి! ఇరవై రెండేండ్లు మిషన్ ముంగట నిలబడ్డోన్ని, నాకే లెక్కలు చెప్తవా? ఎవడు నేర్పిండు నీకు గివన్ని?"

"మా సారు."

"నాలుగు లచ్చలు ఒక్కసారి ఎన్నడన్న సూసిండా మీ సారు?"

నోటి దాకా వచ్చిన మాటను సంతోషి మింగేసింది. చెప్పడానికి సిగ్గేసింది, భయమేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సారుకే ఫోన్ చేస్త నాయినా. గాయన గూడ పెట్టుమంటే సంతకం పెట్టు. మల్ల నేను నోరెత్త."

"చెయ్యి. స్పీకర్ల పెట్టు. నేను గూడ ఇంట."

"సార్లను ఎందుకమ్మా ఇబ్బంది పెట్టుడు?" దామోదర్ వాచీ చూసుకున్నాడు. "టైమైతున్నదన్నా, పెట్టేయ్."

బాలరాజు పెన్ను కొస కాగితానికి ఆనించాడు.

వంటగది గుమ్మంలోకి వచ్చిన తల్లి చేతిలోంచి సంతోషి ఫోను లాక్కుంది. నోటుబుక్కు ఆఖరి పేజీ తీసింది. చూసుకుంటూ ఒక్కో అంకె నొక్కింది. చివరి అంకె దగ్గర ఆగి, ఇంట్లోకి వచ్చాక మొదటిసారి దామోదర్ కళ్లలోకి సూటిగా చూసింది.

నొక్కింది.

దామోదర్ చొక్కా జేబులో ఫోను మోగింది.