చివరి దిబ్బ

"సముద్రానికి వెళ్తున్నాం" అని మాత్రమే చెప్పి కాలనీవాళ్లందరినీ రాత్రి ఎల్బీనగర్‌లో బస్సెక్కించాడు వంశీకృష్ణ. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే మనిషి. పిక్నిక్‌లో కూడా సస్పెన్స్ లేకపోతే ఆయనకు తోచదు.

పొద్దున్నే బస్సు ఆగింది. ఇసుక దిబ్బల రక్షిత పార్కు. ఒకప్పుడు సైన్యం ఫిరంగులు పేల్చి సాధన చేసిన నేల. పేల్చినన్నాళ్లూ పేల్చి, ఇప్పుడు గడ్డిపరక తొక్కినా నేరమని బోర్డు పెట్టారు.

ఆ బోర్డు చదివి అంతయ్య గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆయన కాలనీలో కొత్తగా కిరాయికి దిగిన పెద్దమనిషి. ఢిల్లీ వైపెక్కడో గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాడని అందరి అంచనా.

"వంశీ సారూ, పోరలను ఎన్కకు పిలువుండ్రి. ఇసుకల పేలని గుండ్లుంటయ్."

వంశీకృష్ణకు నవ్వాగలేదు. రోజూ ఎల్బీనగర్ చౌరస్తా నడిచి దాటే మనిషి ఇసుకకు భయపడుతున్నాడు!

"గుండ్లు కాదు అంకుల్, గవ్వలుంటాయి. మీకో హెల్మెట్ తెప్పించమంటారా?"

బస్సువాళ్లంతా గొల్లుమన్నారు. పార్కు గైడు సాధన మాత్రం ఓపిగ్గా చెప్పింది.

"భయం లేదండీ. సైన్యం ఖాళీ చేసేముందు ఒక జట్టు అంగుళం అంగుళం వెతికి చూసింది. అందుకేగా ఆ చివరి దిబ్బను పిల్లలు ఆడుకోవడానికి వదిలేశాం."

"విన్నారా? మిలిటరీవాళ్ల మాట మీద కూడా నమ్మకం లేదా మీకు?" అన్నాడు వంశీకృష్ణ.

"లేదు" అన్నాడు అంతయ్య.

"అబ్బో! మీ ఆఫీసులో ఫైళ్లు కూడా ఇలాగే దూరం నుంచి చూసేవారా?"

"ఊరుకోండీ, పెద్దాయన!" అని భార్య సూర్యప్రభ మోచేత్తో పొడిచింది. తనూ నవ్వుతూనే ఉంది.

ఈలోగా వాళ్ల పాప తన్మయి చివరి దిబ్బ ఎక్కేసింది. ప్లాస్టిక్ పారతో గుంత తవ్వడం మొదలుపెట్టింది.

అంతయ్య వంశీకృష్ణ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"దండం పెడ్త. ముందుగాల బిడ్డను పిలువుండ్రి."

"పిలుస్తాలెండి. ఇంతకీ మీకంత గట్టిగా ఎలా తెలుసో, అది సెలవివ్వండి" అన్నాడు వంశీకృష్ణ, అందరికీ వినబడేలా.

అంతయ్య దిబ్బ మీంచి కళ్లు తిప్పలేదు.

"ఎతికిన జట్టుకు సుబేదార్‌ను నేనే సారూ, గా దిబ్బ దాకా మేం రానే రాలే."