వాన కబురు

“మైకు నాకివ్వు రాజీవ్. సభ లేదు, ఏం లేదు. వీళ్లని ఇళ్లకి పంపించేద్దాం,” అంది సుప్రజ.

రాజీవ్ నోరు తెరిచాడు. నోరు తెరవడా మరి! ఊరూరా తిరిగి కాళ్లు అరిగాక, నకరికల్లు పక్కనున్న ఈ ఊళ్లోనే మొట్టమొదటిసారి వాళ్ల సభకి కుర్చీలు నిండాయి. ఇందాకటిదాకా ఆ జనాన్ని చూసి మురిసిపోయిన అభ్యర్థి, ఫోను చూసుకున్నాక ఉన్నట్టుండి ఇలా అంటోంది.

“గాలివాన వస్తోంది. మాచర్ల వైపు అప్పుడే దంచుతోందట. ఇంకో గంటకి ఇక్కడుంటుంది. కల్లాల నిండా మిరపకాయలు పరిచి ఉన్నాయి, చూశావుగా?”

రాజీవ్ తలెత్తి పైకి చూశాడు. మబ్బు తునక లేదు. పొద్దువాలుతున్నా ఎండ చిటపటలాడుతోంది.

“అరగంట మాట్లాడి చివర్లో చెప్పండి మేడమ్. చెరువుల పూడికతీత, కల్లాల మీద షెడ్లు, ఊరికో వాతావరణ కేంద్రం... ఇవన్నీ వినడానికేగా వచ్చారు! రాకరాక వచ్చిన జనాన్ని మనమే తరిమేస్తామా?”

సుప్రజకి మాత్రం ప్రాణం ఉసూరుమనలేదా? తమ ‘నేలా నీరూ’ పార్టీ అంటే ఈ నియోజకవర్గంలో నవ్వులాట. ఫ్లెక్సీలు కట్టరు, డీజే పెట్టరు, కార్ల ఊరేగింపు అసలే లేదు. “ఎండలు తగ్గించడానికి మీరెవరమ్మా, సూర్యుడి చుట్టాలా?” అని ప్రతి ఊళ్లోనూ ఎకసెక్కాలే. గెలుస్తానన్న భ్రమ ఆమెకి లేదు. ఈ ఒక్క ఊరన్నా తనకి ఓటేస్తే, మా మాట విన్న ఊరు ఒకటుందని తలెత్తుకు తిరగొచ్చు. అంతే ఆమె ఆశ. ఇప్పుడు సభ ఆపేశాక వాన రాకపోతే? మాట్లాడటం చేతగాక వాన పేరు చెప్పి పారిపోయిందంటారు. ఆ మాట పోలింగు దాకా వదలదు.

పోనీ అరగంట ఆగితేనో అనుకుంది. వెంటనే తన మీద తనకే చిరాకేసింది. కాయలు తడిశాక ఈ షెడ్ల కబుర్లు ఎవరికి? మైకు లాక్కుంది.

“అయ్యా, అమ్మా! ఉపన్యాసం లేదు. గాలివాన వస్తోంది. లేవండి, వెళ్లి కాయలకి పట్టలు కప్పుకోండి!”

ఒక్కరూ లేవలేదు. వెనకనించి ఎవరో ఈల వేశారు.

“వానా? మబ్బేదమ్మాయ్?” ముందు వరసలోంచి రంగనాయకమ్మ అడిగింది. ఊళ్లో పెద్ద రైతు. ఆమె మాటకి ఎదురు చెప్పే మగాడు అక్కడ లేడు. “ఆరీ ఆరని కాయ ఇప్పుడు కుప్పేస్తే చెమ్మబట్టి రంగు పోద్ది. నీ మాట నమ్మి కప్పినాక వాన రాకపోతే ఏంది మా గతి?”

“రాకపోతే నన్ను నోటికొచ్చినట్టు తిట్టు పెద్దమ్మా, పడతాను. వచ్చిందంటే మాత్రం నువ్వు తిట్టినా, నేను ఏడ్చినా ఆ కాయలు తిరిగి రావు.”

అంటూనే స్టేజీ దిగింది. కొంగు నడుముకి దోపుకుంది. ఎదురుగా ఉన్న కల్లంలోకి పోయి, పరక చీపురుతో కాయలు కుప్ప చేయడం మొదలెట్టింది. ఆ కల్లం ఎవరిదో కూడా ఆమెకి తెలియదు. ఘాటుకి ఒకటే తుమ్ములు, కళ్లవెంట ధారలు. అయినా ఆపలేదు.

రంగనాయకమ్మ కాసేపు కళ్లు చికిలించి చూసింది. తర్వాత లేచి వెనక్కి తిరిగింది.

“ఓరి మీ మొహాలు మండ! పరాయి ఊరి పిల్ల మన కాయలు ఎత్తుతుంటే సినిమా చూసినట్టు చూస్తారేందిరా? లెగండి!”

అంతే, కుర్చీలు ఖాళీ. ఊరు ఊరంతా కల్లాల మీద పడింది. పట్టలు లాగేవాళ్లు లాగుతున్నారు, అంచుల మీద రాళ్లు పెట్టేవాళ్లు పెడుతున్నారు. “ప్రచారానికొచ్చి కూలిపనికి దిగాం,” అని గొణుగుతూ రాజీవ్ కూడా ఓ కొస పట్టుకున్నాడు.

ఆఖరి కుప్ప కప్పుతుండగా పడమటి దిక్కు నల్లబడింది. చూస్తుండగానే దుమ్ము లేచింది. సభ కుర్చీలు దొర్లుకుంటూ పోయాయి. ఆ వెనకే కుండపోత. అందరూ పరుగెత్తి రంగనాయకమ్మ ఇంటి వసారాలో చేరారు. ఎదుటి మనిషి మాట వినపడనంత వాన. పట్టల కింద కాయలు మాత్రం పదిలం.

సుప్రజ కళ్లు ఇంకా మండుతూనే ఉన్నాయి. గెలిచినంత సంతోషంగా ఉంది. వసారా ఆ చివర రంగనాయకమ్మ చుట్టూ మూగి ఊళ్లోవాళ్లు ఏదో గుసగుసలాడుకుంటున్నారు. ఆమె ఏదో అడుగుతోంది, అందరూ తలలూపుతున్నారు.

“మన గురించే మేడమ్,” రాజీవ్ చెవిలో ఊదాడు. “ఈ ఊరి ఓట్లు గంపగుత్తగా మనకే!”

సుప్రజ మెడ సాచి అటు చూసింది. ఎవరన్నారు తన మాట వినే ఊరు లేదని?

రంగనాయకమ్మ వచ్చి, పొగలు కక్కే టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. తన కొంగుతో ఆమె తడి తల తుడిచింది.

“మా కడుపు నిలబెట్టావు తల్లీ. ఇంత పంటా నీళ్లపాలయ్యేది. నీలాంటి మనిషి మా ఊరికి చానా అవసరం.”

“అంతమాట ఎందుకు పెద్దమ్మా,” అంది సుప్రజ. “పోలింగు నాడు మా పార్టీని కాస్త గుర్తు పెట్టుకోండి, చాలు.”

“గుర్తు పెట్టుకోకుండా ఎట్టా? అందరం ఇప్పుడే ఒక మాట అనుకున్నాం. ఇన్నేళ్లలో మేం గెలిపించినోళ్లల్లో ఒక్కడూ మళ్లీ ఈ ఊరి మొహం చూళ్లా. నిన్ను పోగొట్టుకోలేం తల్లీ, నీకు మాత్రం ఒక్క ఓటు కూడా పడనియ్యం!”