బొడ్డూడని పిల్ల

బిడ్డ బయటపడగానే పెద్ద డాక్టరమ్మ కత్తెర అందుకుంది. చిన్న డాక్టరైన కోడలు ఆవిడ మణికట్టు గట్టిగా పట్టేసుకుంది.

"అప్పుడే బొడ్డు కొయ్యకండి అత్తయ్యా. ఒక్క నిమిషం ఆగితే బిడ్డకి రక్తం పెరుగుతుందని పరిశోధనలన్నీ మొత్తుకుంటున్నాయి."

"వేల కాన్పులు చేసినదాన్ని. బొడ్డూడని పిల్లవి, నువ్వా నాకు నేర్పేది? వదులు చెయ్యి!"

"వదలను. మన ఆసుపత్రి మీటింగులో ఈ మాటే చెబితే అందరూ నవ్వారుగా! ఇవాళ నవ్వండి చూద్దాం."

గోడగడియారంలో సెకన్ల ముల్లు చుట్టు తిరిగొచ్చింది. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగి తెల్లబడింది.

అప్పుడు కోడలు అత్తగారి చెయ్యి వదిలేసి, కాన్పు బల్లమీద వెనక్కి వాలి, తన పొట్టమీదున్న పసిదాన్ని పొదువుకుంది.

"బొడ్డూడని పిల్ల ఇదిగో, మీ మనవరాలు. దీని రక్తం దీనికి ముట్టింది. ఇక కొయ్యండి."