కాళ్లకు హాయి

నడక మొదలుపెట్టిన నాలుగో రోజు పొద్దున నోట్‌బుర్గా బూట్లు పోయాయి.

కొండ బస కింది అంతస్తులో బూట్ల గది. రాత్రి ఆమె మూడో కొయ్యకు తగిలించిన జత అక్కడ లేదు. నాలుగో కొయ్యకు మాత్రం అలాంటిదే ఇంకో జత వేలాడుతోంది. అదే గోధుమరంగు, అవే ఎర్ర తాళ్లు.

"ఇవి నావి కావు," అంది ఆమె, బసవాళ్లిచ్చిన ఉన్ని చెప్పుల్లో నిలబడి. "ఎవరో నావి తొడుక్కుపోయారు."

"సరిగ్గా చూశావా, బుర్గీ?" అన్నాడు గైడు విగిల్. ఆమెకు కొడుకంత వయసువాడు. కానీ టిరోల్ కొండల్లో రెండు వేల మీటర్లు దాటితే ఎవరికీ 'మీరు' లేదు.

"ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు పంచినదాన్ని. ఒక్కటి తప్పు ఇంట్లో వేశానా? నన్ను సరిగ్గా చూడమంటావా!"

"ఎవరూ అనలేదులే," అన్నాడు జట్టులోని అంబ్రోస్. బేకరీ అమ్మేసి కొండలు ఎక్కడానికి బయల్దేరిన మనిషి. "బూట్లే కదా. కొత్తవి కొనుక్కుంటావు."

"కోర్బీనియాన్ కొన్నవి," అంది ఆమె, గొంతు తగ్గించి.

ఆ బూట్లు కొని, డబ్బాలో పెట్టి, మంచు కరగకముందే ఆమె భర్త కన్నుమూశాడు. ఈ నడక కోసమే ఆమె ఆ డబ్బా మూత తీసింది.

బస నడిపే ఫిలొమెనా పుస్తకం తెచ్చింది. ఎవరు వచ్చినా పేరు, ఊరు, ఇక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తున్నారో అందులో రాసే పోవాలి.

"మీకన్నా ముందు వెళ్లింది ఒక్కతే," అంది ఫిలొమెనా. "రెండు రోజులుగా మీ వెనకే వస్తోందట. నిన్న సాయంత్రం కుంటుకుంటూ వచ్చింది. ఇవాళ పొద్దున్నే ఈల వేసుకుంటూ కిందికి దిగిపోయింది."

నోట్‌బుర్గా కళ్లజోడు పెట్టుకుని చదివింది. 'క్రెజెన్స్. ఊరు బ్రెగెన్స్. ఇంటికి. చివరికి కాళ్లకు హాయి!'

"హాయట! నా బూట్లు తొడుక్కుని, హాయని రాసి మరీ పోయింది!"

కలం లాక్కుని ఆ పేరు కిందే పెద్ద అక్షరాలతో రాసింది. 'క్రెజెన్స్ గారూ, సాయంత్రం ఇల్లు చేరే ఆవు కూడా తన కొట్టం ఏదో గుర్తుపడుతుంది. మీకు ఆపాటి జ్ఞానం లేకపోయింది.' కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టింది.

"తిట్టుకి కూడా 'గారూ' పెట్టావే," అన్నాడు అంబ్రోస్.

"పోస్టాఫీసు అలవాటు."

విగిల్ వాచీ చూసుకున్నాడు. "చెప్పులతో కనుమ దాటనివ్వను, బుర్గీ. బండి బాట పట్టుకుని కిందికి దిగిపో. సాయంత్రానికి బస్సు దొరుకుతుంది."

"దిగను. ఆఖరి బస పుస్తకంలో ముప్పై ఒక్క వేసవులుగా మా ఇద్దరి పేర్లున్నాయి. ఈ వేసవి ఖాళీ పోకూడదు."

విగిల్ నాలుగో కొయ్య వైపు చూశాడు. "అయితే ఆవిడ వదిలేసినవి వేసుకుని నాలుగు అడుగులు నడువు. కరిచాయంటే మాత్రం కిందికే."

ఆమె ముఖం చిట్లించి తొడుక్కుంది. గదిలో అటు నడిచింది, ఇటు నడిచింది.

"కరిచాయా?"

"లేదు," అంది, అదేదో తప్పు ఒప్పుకున్నట్టు.

రెండు రోజులుగా ఆమె మడమల మీద బొబ్బలు. వయసు మీద పడిందని అనుకుని, ఎవరికీ చెప్పకుండా పట్టీలు వేసుకుని నడిచింది. ఈ రోజు వాటి సంగతే గుర్తు రాలేదు. రాళ్ల వాలు ఎక్కేటప్పుడు విగిల్ వెనకే నడిచింది. కనుమ అవతల కరగని మంచు మీద, ఎవరూ ఆపేలోపు, కూర్చుని జర్రున జారింది. కింద లేచి చూస్తే స్కర్టంతా తడి. అంబ్రోస్ కూడా జారబోయి టోపీ పోగొట్టుకున్నాడు.

"దొంగ బూట్లు వేసుకుంటే ఇంత హుషారా!" అని అరిచాడు పైనుంచి.

"బూట్లు మంచివే. మనిషే మంచిది కాదు!"

ఆఖరి బస కనిపించగానే ఆమె ముందు పరుగెత్తి వాకిట్లో గంట కొట్టింది. బసవాళ్లు బయటి బల్ల మీదికే పుస్తకం తెచ్చారు. పక్కన ప్లమ్ పండ్ల గుజ్జుతో వేడివేడి అట్టుముక్కలు పెట్టారు. ఆమె తినకుండా ముందు రాసింది. నోట్‌బుర్గా. కాసేపాగి, దాని పక్కన కోర్బీనియాన్.

"ఇక ఆ బూట్లు విప్పు," అన్నాడు విగిల్. "లోపల ఆవిడ అడ్రసు ఉందేమో చూద్దాం. పోస్టులో పంపి నీవి తెప్పిద్దాం."

ఆమె తాళ్లు విప్పి, వాటి కింది తోలు పట్టీని బయటికి లాగింది. దాని లోపలి వైపు నీలం సిరాతో, ఎడమకు వాలిన చిన్న అక్షరాలు. ఆ దస్తూరీ ఆమెకు కళ్లజోడు లేకుండానే తెలిసింది.

'బుర్గీ, ఇవి నీవి. రోజూ తొడుక్కునే ముందు ఒకసారి ఇక్కడ చూడు.'

విగిల్ వంగి చదివాడు. అంబ్రోస్ వంగి చదివాడు.

"అంటే మొదటి బసలో తప్పు జత తొడుక్కున్నది నువ్వా!" అన్నాడు అంబ్రోస్. "రెండు రోజులు ఆ పిచ్చి తల్లిని నీ బూట్లలో కుంటించావా! ఇవాళ పొద్దున ఆవిడ తనవి తాను తీసుకుపోయిందన్నమాట!"

నోట్‌బుర్గా నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్లు తుడుచుకుంటూ, బూటు ఒళ్లో పెట్టుకుని, అట్టుముక్కలు చల్లారేదాకా నవ్వింది.

కనుమ అవతల, పొద్దున వదిలివచ్చిన బస పుస్తకంలో, క్రెజెన్స్ పేరు కింద, రెండు గీతలు గీసిన ఆ తిట్టును ఇంకా కొట్టెయ్యలేదు.