వద్దన్న ఓటు

రెండు చిన్న బంగారు గనుల కంపెనీలు కలిసిపోతున్నాయన్న వార్త పొద్దున వచ్చింది. మధ్యాహ్నానికల్లా షేరు ధర మూడింతలైంది. షేర్లున్నవాళ్ల కాళ్లు నేల మీద ఆనలేదు. మిషనమ్మకి మాత్రం గుండెలో రాయి పడింది.

ఆమె బట్టలు కుట్టి బతుకుతుంది. కొలతలన్నీ వసారాలోనే, ఎవరినీ గడప దాటనివ్వదు. భర్తని గని మింగేసిందని చెప్పి, పరిహారం కింద కంపెనీ ఆమె చేతిలో పెట్టినవి ఆ షేర్లే.

గనిలోకి దిగేవాళ్లు తమ పేరున్న ఇత్తడి బిళ్ల బోర్డుకి తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. సొరంగం కూలిన రోజు ఏడు బిళ్లలు బోర్డు మీదే మిగిలిపోయాయి. అందులో ఆయనదొకటి. మనుషులు దొరకలేదు. బిళ్లలే లెక్కపెట్టి, సొరంగం మూసేశారు.

వాటాదారుల సమావేశం రోజు మెట్ల మీదే మరిది పట్టుకున్నాడు. అతనూ షేర్లు కొన్నవాడే.

“వదినా, నీకు మతిగానీ పోయిందా? అందరూ సరేనంటుంటే నువ్వొక్కదానివీ వద్దంటావా? బంగారమంతా ఆ కూలిన సొరంగం వెనకే ఉందట. కంపెనీలు కలిస్తే అది తెరుస్తారనే కదా ధర పెరిగింది!”

“అదే వద్దంటున్నా. ఆ సొరంగం జోలికి పోవద్దు.”

“అన్నయ్య ఎముకలైనా ఇంటికి రావద్దా? ఏడుగురినీ బయటికి తీసి, పరీక్షలు చేయించి, ఎవరివి వాళ్లకి అప్పగిస్తారట.” అతను కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. “కలలోకొస్తున్నాడు వదినా. నన్ను బయటికి తియ్యరా అంటున్నాడు.”

ఆమె మరిది ముఖంలోకి చూడలేకపోయింది.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. హాలంతా చేతులే. వద్దని లేచింది ఆమె చెయ్యొక్కటే.

“పాపం, ఇంకా మర్చిపోలేకపోతోంది” అన్నారెవరో.

“సెంటిమెంట్లున్నవాళ్లకి షేర్లెందుకండీ?” వెనక వరసలో ఒకాయన విసుక్కున్నాడు.

తీర్మానం నెగ్గింది. వచ్చే నెల నుంచే తవ్వకం. ఆమె మెట్లు దిగేలోపే ధర ఇంకాస్త పెరిగిందని అందరూ ఫోన్లు చూసుకుంటూ కేరింతలు కొట్టారు.

ఇంటికొచ్చి తలుపు గడియ వేసింది. కిటికీలు మూసి, పరదాలు లాగింది. కుట్టుమిషను ముందు కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

లోపలి గదిలో భోంచేస్తున్న ఆమె భర్త, ఎంగిలి చేత్తోనే గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: “ఏమైందే, తవ్వుతారటా?”